వంశవృక్షం మావయ్య

విశాఖ మద్దిలపాలెంలో ప్రతి అపార్ట్‌మెంటుకీ ఒక వాచ్‌మనూ, ఒక కారే ట్యాంకూ, ఒక వంశవృక్షం మావయ్యా ఉంటారు. మా మావయ్య స్టీల్‌ప్లాంటులో రిటైరైనాయన. ఆయన లిఫ్టులో కనిపిస్తే మెట్లెక్కడమే క్షేమం. నాలుగో అంతస్తు వచ్చేలోగా మీ ముత్తాత ఊరు మీచేతే చెప్పించేస్తారు.

హాలు గోడకి డ్రాయింగ్ షీట్లు అతికించి ఏడు తరాలు గీశారు. అందరికీ కొమ్మలున్నాయి. చిన్నతాత దగ్గర మాత్రం ప్రశ్నార్థకం. పెళ్లి చేసుకోకుండా రంగూన్ ఓడెక్కిన మనిషి.

"పెళ్లయినవాణ్ణి పట్టుకోడం తేలికయ్యా" అంటారు. "శుభలేఖుంటుంది, కొడుకుల తగూ ఉంటుంది. ఒక్క కోర్టు కేసు దొరికితే మూడు తరాలు వరసగా కూర్చుంటాయి. బ్రహ్మచారి ఏం మిగిల్చాడు? అత్తారితో గొడవైనా లేదు!"

గయ వెళ్లి పండాగారి ఖాతా తిరగేయించారు. అందులో పెద్దతాత సంతకం ఉంది, తమ్ముడి ఊసు లేదు. తరవాత మద్రాసు, ఎగ్మూరులో పాత దస్తావేజుల భవనం. అక్కడా శూన్యం. బర్మాలో మనవాళ్లని కోరంగీలనేవారట. మన కోరంగి రేవు పేరే జాతి పేరైపోయింది. "అందర్నీ కోరంగీ అని రాసేస్తే నా ఇంటిపేరు ఎక్కడ వెతకను?" అని మావయ్య బాధ. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. కొండలూ అడవులూ దాటి నడిచొచ్చినవాళ్లలో చిన్నతాత ఉన్నాడా? 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖకే వచ్చేసరికి ఇంట్లోవాళ్లు పల్లెకి పరుగెత్తారు. ఆ పరుగులో ఉత్తరాలున్న ట్రంకుపెట్టె పోయింది. లేకపోతే ఈపాటికి మాకు లిఫ్టు ఖాళీగా దొరికేది.

అత్తయ్యగారు కాఫీ ఇస్తూ, "ఏటి సెప్పమంటావు బాబూ, పోయిన బెమ్మచారి కోసం ఇంత తిరుగుతారు. ఇంట్లో ముప్పై ఎనిమిదేళ్ల బెమ్మచారున్నాడు, ఒక్క సంబంధమైనా సూశారా?" అన్నారు. మావయ్య వినలేదు. ఆయనకి బతికున్నవాళ్ల మీద ఆసక్తి తక్కువ.

చివరికి రిజిస్ట్రారాఫీసు నకలొకటి దొరికింది. భీమిలి రోడ్డు పక్క ఎకరం ముప్పావు చిన్నతాత పేరు మీద! ఆనందం పట్టలేక బంధువుల గ్రూపులో పెట్టేశారు. ఆ రాత్రి నుంచీ ఎవరూ ఫోనెత్తలేదు. ఆ నేల ఇప్పుడెంత పలుకుతుందో మనకి తెలుసు, వాళ్లకి ఇంకా బాగా తెలుసు.

మూడో రోజు పెద్దతాత మనవడు తనే వచ్చాడు, స్వీట్ ప్యాకెట్టుతో సహా.

"బావా, చిన్నతాత మా నాన్నని పెంచుకున్నాడు. ఇన్నాళ్లూ చెప్పే సందర్భం రాలేదంతే."

మావయ్య ప్రశ్నార్థకం చెరిపి ఒక కొమ్మ గీశారు. పెన్సిలుతో గీశారు, అదీ చాలా సన్నగా.