పని మనది, యాప్ వాళ్లది

"మీ ఫోన్లో తప్పనిసరిగా ఉండాల్సిన పది యాప్‌లు" అనే జాబితా ఒకటి వారం తప్పకుండా వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చి పడుతుంది. నీళ్లు తాగమని గుర్తుచేసేది ఒకటి, ఎన్ని అడుగులు వేశామో లెక్కపెట్టేది ఒకటి, ఫోన్ ఎక్కువ చూస్తున్నామని ఫోన్లోనే హెచ్చరించేది ఇంకొకటి. ఈ జాబితాలు రాసే మహానుభావులు ఎక్కడుంటారో గానీ సికింద్రాబాద్ మెట్టుగూడలో మాత్రం ఉండరు. ఇక్కడ అడుగులు లెక్కపెట్టే యాప్ అక్కర్లేదు. మెట్రో స్టేషన్ మెట్లెక్కితే ఆ లెక్క మోకాళ్లే చెబుతాయి.

మెట్టుగూడ రైల్వే వాళ్ల ఊరు. ఒకవైపు లాలాగూడ వర్క్‌షాపు, రైల్వే ఆసుపత్రి. ఇంకోవైపు తార్నాకలో 1957 నుంచి సిగ్నల్ ఇంజనీర్లకు పాఠాలు చెబుతున్న ఇరిసెట్. కాస్త ఎడంగా, 1966లో పుట్టిన దక్షిణ మధ్య రైల్వేకు పెద్దిల్లయిన రైల్ నిలయం. ఎర్రదీపానికి ఆగడం, పచ్చదీపానికి కదలడం ఉగ్గుపాలతో నేర్చుకున్న జనం ఇక్కడివాళ్లు. అలాంటివాళ్లకు ఇప్పుడు తెర మధ్యలో గిరగిరా తిరిగే చక్రాన్ని చూస్తూ కూర్చోవడం నేర్పుతున్నారు. అందుకని మెట్టుగూడ కోసం నేనే ఒక జాబితా తయారుచేశాను. ఇందులో ఉన్నవన్నీ పనికొచ్చే యాప్‌లే. ఎవరి పనికి అన్నదే ప్రశ్న.

మొదటిది రైలు టికెట్ల యాప్. రిజర్వేషన్ కౌంటర్లో ఫారం రాసిస్తే లోపల కూర్చున్న ఉద్యోగి పేరు, వయసు, బెర్తు అన్నీ కొట్టి టికెట్ చేతిలో పెడతాడు. జీతం రైల్వే ఇస్తుంది, మనం టికెట్ డబ్బులిస్తే చాలు. యాప్‌లోనైతే ఆ పేరు మనమే కొట్టాలి, వయసు మనమే కొట్టాలి, వంకర అక్షరాలు చదివి మనం మరమనుషులం కామని రుజువు చేసుకోవాలి, ఓటీపీ కోసం ఎదురుచూడాలి. ఇంత చాకిరీ చేసినందుకు ఎదురు డబ్బులివ్వాలి. దాని పేరు కన్వీనియన్స్ ఫీజు. పెద్ద నోట్ల రద్దు తర్వాత 2016 నవంబరులో ఆన్‌లైన్ టికెట్ల మీద సర్వీసు చార్జీ తీసేశారు. 2019 సెప్టెంబరు 1 నుంచి కొత్త పేరుతో మళ్లీ తెచ్చారు. ఏసీ కాని టికెట్‌కు 15 రూపాయలు, ఏసీకి 30, దాని మీద జీఎస్టీ. యూపీఐతో కడితే 10, 20. గుమాస్తా పనిచేసిపెట్టే కౌంటర్లో ఈ ఫీజు లేదు, గుమాస్తా పని మనం చేసిపెట్టే యాప్‌లో ఉంది. పెళ్లిలో మనమే విస్తరేసుకుని, మనమే వడ్డించుకుని, వడ్డించినందుకు మనమే చదివింపులు చదివించినట్టు. ఆ టికెట్ వెయిటింగ్ లిస్టులోనే ఉండిపోయి దానంతటదే రద్దయితే, కన్వీనియన్స్ ఫీజు తిరిగి రాదు. పైగా క్లర్కేజీ అని ఇంకో కోత పడుతుంది. క్లర్కు లేకుండా అమ్మిన టికెట్‌కు క్లర్కేజీ వసూలు చేయగలగడం సాంకేతిక ప్రగతి కాకపోతే మరేమిటి?

"అయితే కౌంటర్ దగ్గర లైన్లో నిలబడే బాధ తప్పింది కదా!" అంటారు. తప్పిందని ఎవరన్నారు? లైను ఇంట్లోకి వచ్చింది. తత్కాల్ తెరుచుకునే వేళ పొద్దున పది గంటలకు ఏసీ వాళ్లు, పదకొండుకు స్లీపర్ వాళ్లు ఏ ఇంట్లో చూసినా ఊపిరి బిగబట్టి ఫోన్ ముందు కూర్చుంటారు. అసలు లైనులో ముందెంతమంది ఉన్నారో కనపడేది, మధ్యలో దూరినవాడిని "ఓ అన్నా, వెనక్కు పో" అనే వీలుండేది. యాప్ లైనులో ముందు ఎవరున్నారో తెలీదు. దూరినవాళ్లు ఎక్కువై చివరికి రైల్వేయే 2025 జులై నుంచి ఆధార్ ధ్రువీకరణ ఉన్నవాళ్లకే తత్కాల్ అని గీత గీయాల్సి వచ్చింది.

రెండోది జనరల్ టికెట్ల యాప్. ఇది రైల్వే టికెట్ అమ్మే యాపే అయినా రైల్వే స్టేషన్లో మొహమాటపడుతుంది. పట్టాల పక్కన నిలబడి మామూలుగా టికెట్ కొందామంటే ఇవ్వదు. టీసీని చూశాక గబుక్కున టికెట్ కొనేవాళ్లను ఆపాలన్నది దాని ఉద్దేశం, అది న్యాయమే. స్టేషన్లో ఉంటే అక్కడ అంటించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి తీసుకోమంటుంది. అంటే టికెట్ కోసం కౌంటర్‌కు వెళ్లక్కర్లేదు, గోడ దగ్గరకు వెళితే సరిపోతుంది. గోడకు చిల్లర సమస్య లేదు, లంచ్ టైము లేదు. సందేహమొస్తే అడగడానికి నోరు కూడా లేదు.

మూడోది మెట్టుగూడకు అన్నిటికంటే దగ్గరి యాప్. బతికున్నామని చెప్పుకునే యాప్. రైల్వే పెన్షన్ తీసుకునేవాళ్లు ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చింది, 2021 నవంబరులో దానికి ముఖం చూపించే పద్ధతి తోడైంది. మంచాన పడిన పెద్దవాళ్లను ఆటోలో బ్యాంకుకు మోసుకెళ్లే అవస్థ దీనివల్ల తప్పింది. ఆ మేరకు దండం పెట్టాల్సిందే. అయితే బతికున్నామని చెప్పడానికి ఒక యాప్ చాలదు. జీవన్ ప్రమాణ్ ముఖం యాప్ ఒకటి, ఆ ముఖం ఆధార్‌లోని ముఖమేనని తేల్చే యాప్ ఇంకొకటి, రెండూ దించుకోవాలి. చచ్చిపోయామని చెప్పడానికి ఒక కాగితం చాలు. బతికున్నామని చెప్పడానికే జంట యాప్‌లు కావాలి.

ఆ రెండో యాప్‌కు ముఖం చూపిస్తే చాలదు, కళ్లు ఆర్పమంటుంది. ఈ ఘట్టం నవంబరు నెలలో రైల్వే పెన్షనర్లున్న ఏ ఇంటి వరండాలోనైనా చూడవచ్చు. 

"తాతా, ఫోన్ దిక్కు చూడు. ఇప్పుడు కళ్లార్పు." 

"ఇంజన్ నడిపినన్నాళ్లు కన్నార్పకుండా సిగ్నల్ చూసినం బిడ్డా. కన్నార్పితే ఉద్యోగం పోతుండె. ఇప్పుడు ఆర్పకపోతే పెన్షన్ పోతదా?"

వెలుతురు చాల్లేదంటుంది, కళ్లజోడు తీయమంటుంది, తీస్తే తాతకు తెర కనపడదు. మనవడు లేని ఇంట్లో ఏం చేయాలో మాత్రం చెప్పదు. అసలీ దేశంలో పెద్దవాళ్లకు అత్యంత ఉపయోగకరమైన యాప్ పేరు మనవడు. దానికి పాస్‌వర్డ్ అక్కర్లేదు, అప్‌డేట్ దానంతటదే అవుతుంది. చిక్కల్లా అది అమెరికాకు వెళ్లిపోతే వీడియో కాల్‌లో మాత్రమే పనిచేయడం.

నాలుగోది ఒక యాప్ కాదు, ఒక వంశం. "ఇక ఈ ఒక్కటి చాలు" వంశం. అన్ని ప్రభుత్వ సేవలకూ ఒక్కటే చాలంటూ 2017 నవంబరులో కేంద్రం ఉమంగ్ తెచ్చింది. తెలంగాణకు ఒక్కటే చాలంటూ 2018లో టీ యాప్ ఫోలియో వచ్చింది. రైల్వేకు ఒక్కటే చాలంటూ 2025 జులై 1న రైల్‌వన్ వచ్చింది. ఒక్కటే చాలు అనేవాటినే లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు చాలవేమోనన్న భయం పట్టుకుంది. ఆంధ్రప్రదేశ్ ఇంకో దారి పట్టింది. యాప్‌లతో జనం విసిగిపోయారని గ్రహించి, 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో 161 సేవలను వాట్సాప్‌లో పెట్టింది. యాప్‌ల బెడద తీర్చడానికి యాప్‌నే ఆశ్రయించక తప్పలేదన్నమాట. అయినా అప్పటికే అందరి ఫోన్లో ఉన్నదాన్నే వాడుకోవడం ఈ మొత్తం కథలో కాస్త బుర్ర పెట్టిన పనే.

ఐదోది ఉద్యోగుల యాప్. పని యజమానిది, జీతం యజమానిది, ఫోన్ మాత్రం ఉద్యోగిది. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో టీచర్లను తమ సొంత ఫోన్లలో ముఖహాజరు యాప్ వేసుకోమన్నారు. సొంత ఫోన్ ఎందుకివ్వాలని టీచర్లు ఆందోళనకు దిగారు. రిజిస్టరు, కుర్చీ, సుద్దముక్క అన్నీ బడి కొనిస్తుంది గానీ ఫోన్, డేటా, ఛార్జింగ్ మాత్రం గురువుగారి ఖాతాలో రాసింది. 

ఇక ఆరోది నవ్వులాట కాదు. మనం ఇన్‌స్టాల్ నొక్కి, కింద అడిగినవాటన్నిటికీ చదవకుండా "అలౌ" కొట్టేస్తామని లోకానికి తెలిసిపోయింది. 2013 డిసెంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక టార్చ్‌లైట్ యాప్ సంగతి బయటపెట్టింది. చీకట్లో వెలుగిస్తానని చేరి, వాడేవాళ్లు ఎక్కడున్నారో ప్రకటనల కంపెనీలకు చేరవేసింది. దీపం వెలిగించడానికి మన చిరునామా దేనికని కోట్లమందిలో ఎంతమంది అడిగారు? ఇక్కడ హైదరాబాద్‌లో ఇంతకంటే ఘోరం చూశాం. 2020 చివర్లో తక్షణ రుణ యాప్‌ల కేసులు బయటపడ్డాయి. అప్పివ్వడానికి ఆ యాప్‌లు అడిగిన తాకట్టు బంగారం కాదు, మన ఫోన్లోని కాంటాక్టుల జాబితా. వాయిదా తప్పితే ఆ జాబితాలోని చుట్టాలకు, తోటి ఉద్యోగులకు ఫోన్లు, బూతులు, మార్ఫింగ్ ఫొటోలు. తెలంగాణలో ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు, అప్పులిచ్చే యాప్‌లు కాంటాక్టులు, కాల్ వివరాలు, ఫొటోల జోలికి పోకూడదని నిబంధన పెట్టింది. ఇప్పుడు ఆ దొంగల తమ్ముళ్లు పెళ్లిశుభలేఖ, ట్రాఫిక్ చలానా అంటూ వాట్సాప్‌లో దొంగ యాప్‌లను ఏపీకే (APK) ఫైళ్లుగా పంపుతున్నారు. నొక్కితే బ్యాంకు ఖాతా ఖాళీ. నొక్కినవాళ్లను తెలివితక్కువవాళ్లని తిట్టడం తేలిక. కానీ ప్రతి ఆఫీసూ "యాప్ వేసుకుని రండి" అని ఏళ్లతరబడి మనకిచ్చిన తర్ఫీదు ఇదే కదా. దొంగ ఆ తర్ఫీదును వాడుకున్నాడు, అంతే.

ఇంత తిట్టాక పనికొచ్చేవే లేవా అంటే, ఉన్నాయి. వేర్ ఈజ్ మై ట్రైన్ ఉంది. బెంగళూరులో కొద్దిమంది కలిసి చేసిన యాప్. 2018 డిసెంబరులో గూగుల్ ఆ కంపెనీని కొనేసింది. రైల్లో కూర్చుంటే సెల్ టవర్ల ఆధారంగా బండి ఎక్కడుందో చెబుతుంది, ఇంటర్నెట్ లేకపోయినా చెబుతుంది. పేరడగదు, ఓటీపీ అడగదు, కన్నార్పమనదు. సికింద్రాబాద్ వచ్చే బండి మౌలాలిలో ఆగిపోయిందో లేదో తేల్చడంలో మెట్టుగూడ రిటైర్డ్ గార్డులకు మాత్రమే ఇది తీసిపోతుంది. 2016లో మొదలైన యూపీఐ కూడా అలాంటిదే. టీ కొట్టతని దగ్గర ఏ యాప్ ఉంటే మనకేం, మన దగ్గర ఏది ఉంటే అతనికేం, డబ్బులు చేరతాయి. 2022 మార్చి నుంచి బటన్ ఫోన్లోనూ 123పే పేరుతో అది నడుస్తోంది. ఈ రెండిటిలో ఉన్న గుణం ఒక్కటే. పని యాప్ చేస్తుంది, మనచేత చేయించదు.

అన్నిటికీ మించినది ఇంకొకటుంది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లు ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితంగా ఎక్కుతున్నారు. మెట్టుగూడ స్టాపులో బస్సెక్కిన అమ్మ గుర్తింపు కార్డు చూపిస్తుంది, కండక్టరు జీరో టికెట్ కొట్టి ఇస్తాడు, బస్సు ఉప్పల్ దిక్కు పోతుంది. ఏ యాపూ దించుకోనక్కర్లేదు. ఫోనే లేని అమ్మ కూడా ఎక్కేస్తుంది. ఎందుకంటే అక్కడ మనిషి ఉన్నాడు. "కార్డు ఇంట్ల మర్చిపోయిన బిడ్డా" అంటే ఎక్కనిస్తాడో లేదో గానీ, ఆ మాట వినడానికి మాత్రం ఒకడున్నాడు.

కాబట్టి ఎవరైనా "ఇది భలే పనికొచ్చే యాప్, వేసుకోండి" అన్నప్పుడు మూడు ప్రశ్నలు వేయండి. పని ఎవరు చేస్తారు? ఫీజు ఎవరు కడతారు? చెడితే ఎవరితో మాట్లాడాలి? మొదటి రెండిటికీ జవాబు "మీరే" అని, మూడోదానికి "ఎవరూ లేరు" అని వస్తే ఆ యాప్ ఎవరికి ఉపయోగమో తెలిసిపోతుంది. మోసపోయి డబ్బు పోతే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి వెంటనే ఫోన్ చేయండి. ఈ నంబరు ఏ యాప్‌కంటే ముందు మీ ఫోన్లో ఉండాలి.

రైల్వేకు, బ్యాంకులకు, సర్కారుకు మెట్టుగూడ తరఫున మనవి ఇంతే. యాప్‌లు పెట్టండి, వద్దనడం లేదు. కౌంటర్ మాత్రం మూయకండి, అందులో మనిషిని కూర్చోబెట్టండి. కౌంటర్లో మీరు చేయాల్సిన పని మాచేత చేయిస్తే, ఫీజు మానుంచి వసూలు చేయకండి. న్యాయంగా అయితే మాకే ఇవ్వాలి.