కర్నూలు ఉల్లికీ ఒక తాళం వేయండప్పా

2025 అక్టోబరులో పరపతి విధానం చదివిన తర్వాత రిజర్వు బ్యాంకు పెద్దలు ఒక మాట సెలవిచ్చారు. అప్పు మీద ఫోను కొని కంతు తప్పితే దానికి అప్పిచ్చినోడు దూరం నుంచే తాళం వేసే సంగతి పరిశీలనలో ఉందట. లాభమూ ఉందట, నష్టమూ ఉందట. నేను మాత్రం లాభం పక్షమే. నా దిగులంతా ఒకటే: ఇంత గొప్ప ఆలోచన ఒక్క ఫోను దగ్గరే ఆగిపోతే ఎట్లా?

సీమకు ఈ విద్య కొత్త కాదు. మా తాతల కాలంలో బాకీ కట్టకపోతే వాకిలి తలుపులు ఊడబెరికి బండికెత్తుకుని పోయేటోళ్లు. అప్పుడు తలుపు తీసుకుపోయారు, ఇప్పుడు తాళం ఇచ్చిపోతామంటున్నారు. అభివృద్ధి అంటే ఇదే గదా!

కాబట్టి తాళాల పథకాన్ని సంపూర్ణంగా అమలు చేయాలని మనవి. మొదట బోరు మోటారు. రాత్రిపూట కరెంటొస్తే మంచంలోంచే ఫోనుతో మోటారు వేసుకుంటున్నాడు రైతు, కాబట్టి ఒక్క తాళంతో రెండూ మూతపడతాయి. తర్వాత ఎద్దు. మూతికి చిక్కం ఎట్లాగూ ఉంది, దానికొక ఓటీపీ తగిలిస్తే కంతు కట్టిన రోజే గడ్డి. ఆపైన సంగటి కుండ. మూత మీద క్యూఆర్ కోడ్ అంటిస్తే డబ్బు పడినాకే మూత లేస్తుంది. భజన తాళాలను మాత్రం వదిలేయండి, పైవాళ్లకు పనికొస్తాయి.

అసలు తాళం పడాల్సింది ఉల్లికి. 2025 సెప్టెంబరులో కర్నూలు యార్డులో ధర పడిపోతే మార్క్‌ఫెడ్ దిగి క్వింటాలు 1,200 రూపాయలకు కొనాల్సి వచ్చింది. ధర జారే ముందే దానికి తాళం వేసుంటే రైతుకు కంతు తప్పేదే కాదు. ఏం చేద్దాం, ఆ సైజు తాళం ఏ కంపెనీ దగ్గరా లేదట.

పెద్ద సైజులు ఎప్పుడూ లేవు. మా కేసీ కాలువ తవ్విన ఇంగ్లీషు కంపెనీ పడవలు నడపడానికి లాకులు కట్టింది, లాభాలు రాక మునిగింది. 1882లో సర్కారే కాలువను కొని గట్టెక్కించింది. లాకులు నీళ్లకే పడ్డాయి గానీ ఏ దొర పెట్టెకూ పడలేదు. 9,000 కోట్ల బాకీ గొడవ నడుమ 2016లో దేశం దాటిన విజయ్ మాల్యా 2025 జూన్‌లో పాడ్‌కాస్ట్‌లో నాలుగు గంటలకు పైగా మాట్లాడినాడు. ఆ మైకుకూ తాళం కుదరలేదు. పదిహేను వేల ఫోనుకైతే అతికినట్టు సరిపోతుంది!

ఇంకో లాభం చూడండి. 2022 ఆగస్టు 12న ఇదే రిజర్వు బ్యాంకు వసూలు ఏజెంట్లను కట్టడి చేసింది. పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 దాటినాక ఫోను చేయొద్దు, బెదిరించొద్దు, నలుగురిలో పరువు తీయొద్దు, ఇంట్లోవాళ్ల జోలికి, స్నేహితుల జోలికి పోవద్దు అంది. అప్పు తీసుకున్నోళ్ల ఆత్మహత్యల తర్వాత 2010లో ఉమ్మడి రాష్ట్రం ఆర్డినెన్సు తెచ్చి, సూక్ష్మ రుణాల వసూలుకు ఇండ్ల మీదికి పోవద్దు, పంచాయతీ ఆఫీసు దగ్గర కట్టించుకోండి అంది. పాపం, ఏజెంటుకు ఎన్ని కష్టాలు! తాళానికి ఈ బాధల్లేవు. అర్ధరాత్రి పడినా ఫోను చేసినట్టు కాదు. నోరే లేదు, ఇంక బెదిరింపు ఎక్కడిది? ఇంటికి రానక్కర్లేదు, జేబులోనే కాపురం.

ఎగతాళి చాలు.

బాకీ కట్టాల్సిందే, సీమలో ఎవడూ కాదనడు. కానీ బ్యాంకు ఓటీపీ వచ్చేది ఆ ఫోనుకే. కూలి పని ఉందని కబురొచ్చేది ఆ ఫోనుకే. సర్కారు తన సేవలెన్నో 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లో పెట్టింది. దాన్ని మూసేసి కంతు కట్టమనడం కాళ్లు కట్టేసి పరిగెత్తమనడమే. ముందే సమ్మతి తీసుకుంటారట! షాపులో ఇంగ్లీషు పేజీలు జరజరా జరిపి 'ఇక్కడ నొక్కన్నా' అంటే నొక్కింది సమ్మతా?

వేధిస్తే అప్పిచ్చిన సంస్థకు ముందు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే పైసా ఖర్చు లేకుండా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు, సహాయానికి 14448 ఉంది. అది వినియోగదారుడి హక్కు. అయ్యా, ఆ నంబరు ఏ ఫోను నుంచి కొట్టమంటారు? మీరు తాళం వేసినదాన్నుంచేనా?

తలుపు ఊడబెరికినోడు పట్టపగలు వచ్చినాడు. వాని ముఖం ఊరంతా చూసింది. 'ఏమప్పా, ఆడోళ్లున్న ఇల్లు' అని అడ్డం నిలబడినోడు ఒకడన్నా ఉన్నాడు. రిజర్వు బ్యాంకు పెద్దలారా, ఈ తాళానికి అడ్డం నిలబడాల్సింది మీరు. మీరేమో తక్కెడ పట్టుకుని లాభనష్టాలు తూచుతూ కూర్చున్నారు.