బానెట్ సాబ్

శాలిబండ చుట్టుపక్కల గల్లీల్లో ఇలాంటి మనిషి ఒకడైనా తప్పకుండా ఉంటాడు. ముఖం చూసి గుర్తుపట్టడం కష్టం, అది ఎప్పుడూ బానెట్ కిందే ఉంటుంది. నడుము పైభాగం కారులో, కిందిభాగం కార్పొరేషన్ రోడ్డు మీద. పిల్లలు నమస్తే పెట్టేది కూడా ఆ కిందిభాగానికే. అందరూ బానెట్ సాబ్ అంటారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంటుంది.

కారేమో బొంబాయి కుర్లాలో తయారైన ప్రీమియర్ పద్మిని. ఫియట్ 1100 డిలైట్ అనీ, ప్రెసిడెంట్ అనీ పేర్లు మార్చుకుంటూ వచ్చి 1974లో పద్మిని అయింది చూడండి, ఆ కొత్తల్లోది. 1089 సీసీ ఇంజిన్, స్టీరింగ్ పక్కనే గేర్. సాబ్ మాత్రం దాన్ని ఫియట్ అనే అంటాడు. పద్మిని అన్నవాడికి చాయ్ కూడా ఇప్పించడు. ఇక ఆఫీసుకంటారా, స్కూటర్ మీద పోతాడు.

బండిని పాత రూపానికి తేవాలన్నది ఆయన జీవితాశయం. గురువారం సెలవు పెట్టి జుమ్మేరాత్ బజార్‌కు పోతాడు, హెడ్‌లైట్ రింగు కోసం. సాయంత్రం ఏ రేడియోదో ఒక నాబ్ పట్టుకుని వస్తాడు. ‘‘ఇది మన బండిది కాదు కదా’’ అంటే, ‘‘ఇయ్యాల కాదు, రేపు పనికొస్తది’’ అంటాడు. పుత్లీబౌలి స్పేర్‌పార్టుల దుకాణాల్లో ఆయన్ని చూడగానే కుర్రాళ్ళు లోపలికి తప్పుకుంటారు. డోర్ రబ్బరును వాసన చూసి ‘‘ఒరిజినల్ కాదు’’ అని తిరిగిచ్చే గిరాకీతో ఎవరు వేగుతారు?

ఆయనకు సరిజోడు ఉస్తాద్. పెట్టెలో ఫీలర్ గేజ్ ఉన్నా సరే, డెల్కో మూత తీసి పాయింట్ల మధ్య హాక్సా బ్లేడు ముక్క దూర్చి సందు చూస్తాడు. పాయింట్లు మాడితే నిప్పురవ్వ సరిగా పుట్టదు, బండి మిస్సింగ్ కొడుతుంది. ఐదు నిమిషాలు గరుకు కాగితంతో రుద్దితే అయిపోయే పని. ఆ రుద్దుడు పూర్తయ్యేసరికి ఇద్దరికీ మూడు చాయ్‌లు, ఒక ప్లేటు ఉస్మానియా బిస్కెట్లు ఖర్చవుతాయి. ‘‘బండి ఎప్పుడైతది ఉస్తాద్?’’ అంటే జవాబు ఎప్పుడూ ఒకటే: ‘‘పర్సోం అయిపోతది సాబ్.’’ ఆ మాట వింటే సాబ్ ముఖంలో ఎంత నిశ్చింతో!

మే నెల వస్తే సాబ్ వైభవం చూడాలి. నయాపూల్ మీద, నట్టనడి ట్రాఫిక్‌లో, బండి ఠక్కున ఆగుతుంది. ఇంజిన్ వేడికి పంపులోని పెట్రోలు ఆవిరైపోతుంది. ఆ పంపు ద్రవాన్ని తోడుతుంది గానీ ఆవిరిని తోడలేదు. మందు ఒక్కటే, పంపు మీద తడిగుడ్డ. అందుకే ఇంట్లో తువ్వాలు కనబడకపోతే ఇల్లాలు బాత్రూంలో వెతకదు, తిన్నగా పోయి బానెట్ ఎత్తుతుంది. గుడ్డ చల్లబరిచే లోపల చుట్టూ దర్బారు చేరుతుంది. ఆటోవాలా ‘‘కాయిల్ గరం అయింది’’ అంటాడు. గాజుల బండివాడు ‘‘కార్బొరేటర్‌ల కచరా’’ అంటాడు. దానిమ్మపళ్ళాయన కాటాకు ఇచ్చేయమంటాడు. సాబ్ అందరి మాటా శ్రద్ధగా వింటాడు, ఆఖరివాణ్ణి మాత్రం శత్రువుల పద్దులో రాసుకుంటాడు.

ఇంటికి చుట్టాలొస్తే ముందు చౌమహల్లా ప్యాలెస్‌కు తీసుకుపోతాడు, షాండ్లియర్ల కోసం కాదు. అక్కడ పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది, 1912 నాటిది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చి, అది చేరకముందే 1911లో కన్నుమూశాడు. కారు ఏడో నిజాం చేతికి వచ్చింది. అది తిరిగింది కొన్ని వందల మైళ్ళే. చుట్టాలు అయ్యో అంటారు. సాబ్ ఛాతీ విరుచుకుంటాడు: ‘‘చూసిండ్రా? రోల్స్ రాయిసే గంత తిరిగింది. నా ఫియట్‌ను ఏమడుగుతరు?’’

2021లో కేంద్రం వింటేజ్ బండ్లకు నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటిన కారుకు 20,000 రూపాయలు కడితే ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కానీ ఆ తర్వాత రోజువారీ తిప్పకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కాలి. బావమరిది ఇది చదివి వినిపించి, ‘‘నీ కోసమే రాసిండ్రు బావా’’ అన్నాడు. సాబ్‌కు వెటకారం అంటలేదు. ఇన్నేళ్ళూ ఆ బండి రోడ్డెక్కిందే ఆ చివరి రెండు పనుల మీద.

మొన్న దసరా ముందు ఉస్తాద్ ఏ పూనకంలో ఉన్నాడో, బోరు చేయించి, కొత్త రింగులేసి, వాల్వులు గ్రైండ్ చేసి పని నిజంగానే ముగించాడు. ఒక్క సెల్ఫ్‌కు బండి అందుకుంది. గల్లీ అంతా చప్పట్లు. ‘‘ఇగ యాదగిరిగుట్టకు పోదాం’’ అని ఇల్లాలు పూలబుట్టతో వచ్చి వెనక సీట్లో కూర్చుంది. సాబ్ ముఖం వాడిపోయింది. బానెట్ ఎత్తి చెవి ఆనించాడు.

‘‘టిక్ టిక్ అంటుంది. ట్యాపెట్.’’

‘‘ట్యాపెట్లు నిన్ననే పెట్టిన సాబ్.’’

‘‘నాకు వినబడుతుంది కదా!’’

ఉస్తాద్ లోపలికి చెయ్యి పెట్టి ఇంజిన్ ఆపేశాడు. ‘‘ఇప్పుడు?’’

‘‘ఇప్పుడు కూడా వస్తుంది.’’

‘‘సాబ్, అది మీ చేతి గడియారం.’’

సాబ్ పాత హెచ్ఎంటీని విప్పి, కిటికీలోంచి ఇల్లాలి చేతిలో పెట్టి, చొక్కా చేతులు మడిచాడు. ‘‘అయినా ఒక్కసారి ట్యాపెట్ కవర్ విప్పి చూద్దాం.’’

ఉస్తాద్ అప్పటికే పానా తీస్తున్నాడు.