రక్తంలో ఇంగ్లీషు

గొట్టంలో కాస్త ఉమ్మి పోసి కొరియర్ చేస్తే చాలు, పిల్లాడి భవిష్యత్తు రంగురంగుల పీడీఎఫ్‌గా తిరిగొస్తుంది. లెక్కలకో పట్టీ, సంగీతానికో పట్టీ, ‘భాషా సామర్థ్యం’ అని ఇంకో పట్టీ. ఆ మూడోది కాస్త పొట్టిగా ఉందంటే కౌన్సెలర్ గొంతు తగ్గిస్తారు. “బాబు మీద రెండు భాషల భారం వద్దు మేడమ్. ఇంట్లో తెలుగు తగ్గించండి.” ఇంగ్లీషు తగ్గించమన్న కౌన్సెలర్ కూకట్‌పల్లి నుంచి బెంజ్ సర్కిల్ దాకా ఎవరికైనా తగిలారేమో నాకైతే తెలీదు. జాతకం చూసే పంతులుగారే నయం. శాంతి చేయించమనేవారు గానీ అమ్మమ్మని నోరు మూసుకోమనేవారు కాదు.

ఆ రోజు నుంచి ఇంట్లో కొత్త భాష పుడుతుంది. “మిల్క్ డ్రింక్ చెయ్యి నాన్నా. హ్యాండ్స్ వాష్ చేసుకో. అదిగో డాగీ, హాయ్ చెప్పు.” నాన్నమ్మ కూడా ‘బనానా’ దాకా వచ్చింది, ‘యాపిల్’ ఆమెకి ముందే వచ్చు. పిల్లాడికి దీనివల్ల తెలుగు రాదు, ఇంగ్లీషూ రాదు. అప్పుడు మళ్లీ పీడీఎఫ్ తీసి చూపిస్తారు. “చెప్పాం కదండీ, జీన్స్‌లోనే లేదు.”

ఇంతకీ ఆ పట్టీకి ముడిసరుకు ఎక్కడిది? లండన్‌లో ఒక కుటుంబం ఉండేది. శాస్త్రవేత్తలు దాన్ని ‘కేఈ’ అని పిలిచారు. మూడు తరాల్లో దాదాపు సగం మందికి మాట స్పష్టంగా పలకడమే గండం. 2001లో కారణం దొరికింది: ఫాక్స్‌పీ2 అనే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారింది. పత్రికలు దానికి ‘భాషా జన్యువు’ అని బారసాల చేసేశాయి. అలాంటి మార్పు మహా అరుదు. మీవాడు వేమన పద్యం సగంలో మర్చిపోవడానికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. పైగా ఆ జన్యువు ఎలుకలకీ ఉంది. ఏ ఎలుకా ఇంతవరకూ ఇంగ్లీషు ఒలింపియాడ్‌కి ఫీజు కట్టలేదు.

చదవడం సంగతి చూద్దాం. చదవడంలో తడబాటు పెట్టే డిస్లెక్సియా మీద 2022లో ఒక భారీ అధ్యయనం వచ్చింది. తమకి డిస్లెక్సియా ఉందని తేల్చారని చెప్పిన 51 వేల మందికి పైగా పెద్దవాళ్లనీ, లేదన్న పది లక్షల మందికి పైగా జనాన్నీ పోల్చి, జన్యురాశిలో 42 చోట్ల తేడాలు పట్టుకున్నారు. ఆ చిన్నాచితకా తేడాలన్నీ కూడి స్కోరు కడితే, మనుషుల చదివే నైపుణ్యంలో ఉన్న తేడాల్లో మహా అయితే ఆరు శాతం దాకా లెక్క తేలింది. అదీ యూరప్ మూలాలున్నవాళ్ల డీఎన్‌ఏ మీద కట్టిన స్కోరు. అలాంటి స్కోర్లు వేరే జనాభా దగ్గరికొస్తే ఇంకా నీరుగారిపోతాయి. పది లక్షల మంది ఉమ్మి పోస్తే శాస్త్రానికి దక్కింది అంత. మన కౌన్సెలర్‌కి మీ ఒక్కగానొక్క కొడుకు ఉమ్మి చాలు.

వారసత్వం ఉత్త మాటని నేననడం లేదు. కవల పిల్లల మీద జరిగిన అధ్యయనాల్లో, బడికెళ్లే పిల్లలు చదవడంలో చూపే తేడాల్లో సగానికి పైగా జన్యువుల ఖాతాలో పడటం మామూలే. కానీ అదే కవలల లెక్కలో ఒక తమాషా ఉంది. కిండర్‌గార్టెన్‌లోనే అక్షరాలు నేర్పే ఆస్ట్రేలియాలో ఆ ఈడుకే జన్యువుల వాటా బాగా కనిపించింది. ఆ వయసులో అక్షరాల జోలికే పోని స్కాండినేవియాలో అది తక్కువగా ఉండి, ఒకటో తరగతిలో పాఠాలు మొదలయ్యాక పెరిగింది. అంటే అక్కడి జన్యువులు టీచరు సుద్దముక్క పట్టుకునేదాకా ఓపిగ్గా కూర్చున్నాయి. హాంకాంగ్‌లో చైనీసు, ఇంగ్లీషు రెండూ నేర్చుకునే కవలల్ని పరీక్షిస్తే రెండు భాషల వెనకా ఉమ్మడి జన్యు ప్రభావాలు కనిపించాయి. బొమ్మల్లాంటి చైనీసు లిపికీ ఇంగ్లీషుకీ ఉన్న దూరం చూస్తే, తెలుగుకో జన్యువు, ఇంగ్లీషుకో జన్యువు అని పంపకాలు చేసినవాళ్లు ఏ రిజిస్ట్రారాఫీసులో చేశారో చెప్పాలి.

మనం తెలుగుకిచ్చే అవకాశం సంగతి కూడా కాస్త మాట్లాడుకోవాలి. ‘అ’ నుంచి ‘ఱ’ దాకా దిద్దితే పని అయిపోదు. ప్రతి హల్లుకీ గుణింతం, ఆపైన ఒత్తులు, ఒత్తుకి మళ్లీ గుణింతం. మన లిపికి తోబుట్టువైన కన్నడంలో సోనాలి నాగ్ అనే పరిశోధకురాలు చేసిన అధ్యయనంలో, నాలుగో తరగతికొచ్చినా పిల్లలు అక్షరాల్ని ఇంకా నేర్చుకుంటూనే ఉన్నారు. ఇంతటి లిపికి మన ‘ఇంటర్నేషనల్’ బళ్లు ఇచ్చేది వారానికి రెండు మూడు పీరియడ్లు. పరీక్షలు దగ్గరపడితే ఆటల పీరియడ్‌తో పాటు వాటినీ లెక్కల సారు పట్టుకుపోతారు. ఏడో తరగతిలో ‘స్వాతంత్ర్యం’ దగ్గర పిల్లాడు ఆగిపోతే నేరం మళ్లీ డీఎన్‌ఏదే.

రెండు భాషలు బుర్రని చెడగొడతాయన్న భయం కొత్తదేం కాదు. 1923లో వేల్స్‌లో సేయర్ అనే ఆయన రెండు భాషల పల్లెటూరి పిల్లలకి తెలివితేటలు తక్కువని లెక్క తేల్చాడు. పల్లె పేదరికాన్ని పక్కనబెట్టి భాషని పట్టుకున్నాడు. 1962లో మాంట్రియల్‌లో ఇద్దరు పరిశోధకులు సమఉజ్జీల్ని పోల్చేసరికి లెక్క తిరగబడింది. మన హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలోనే 648 మంది డిమెన్షియా రోగుల్ని చూసి 2013లో ప్రకటించిన ఫలితం ప్రకారం, ఒకటికి మించి భాషలొచ్చినవాళ్లకి ఆ జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివాళ్లలోనూ ఆలస్యం కనిపించింది. (దీన్ని పట్టుకుని ‘రెండు భాషలొస్తే మేధావే’ అని ఇంకో ప్యాకేజీ అమ్మబోయేవారికి మనవి: దానిమీద పరిశోధకులు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు.)

ఈ గోలలో నిజంగా నలిగేది డిస్లెక్సియా ఉన్న పిల్లాడు. వాడికి రెండు భాషల్లోనూ పరీక్ష చెయ్యాలి, ఓపిగ్గా నేర్పే మనిషి కావాలి. దక్కేది ‘బద్ధకం’ అన్న బిరుదు. అదృష్టం బాగుండి సర్టిఫికెట్ వచ్చిందనుకోండి, సీబీఎస్‌ఈలో రెండు భాషలకి బదులు ఒకటే చదివే వెసులుబాటుంది. ఇక తల్లిదండ్రులు చర్చించుకోవాల్సిందేమీ ఉండదు, తెలుగు పోతుంది. ఇంతకీ మిగిలిన ఇంగ్లీషు చదవడం తేలికా? 2003లో ఇంగ్లీషునీ మరో 12 యూరప్ భాషల్నీ పోల్చిన అధ్యయనం వచ్చింది. మొదటి ఏడాది ముగిసేసరికి చాలా భాషల పిల్లలు తెలిసిన మాటల్లో 90 శాతానికి పైగా సరిగ్గా చదివారు. ఇంగ్లీషు నేర్చిన స్కాట్లాండ్ పిల్లలు చదివింది 34 శాతం. ఎలా రాస్తే అలా చదివే భాషని వదిలించి, ‘నైఫ్’ ముందు పలకని ‘కే’ ఎందుకుందో చెప్పలేని భాషని ఉంచారు. తెలుగు పీరియడ్ ఖాళీ అయింది కదా, ఆ గంటలో వాడికి స్పెల్లింగ్ ట్యూషన్ పెట్టారు.