ఫుల్ షోరూమ్ ట్రాక్!

మనవాళ్లకు రికార్డులు రాసే అలవాటు లేదని ఎవరైనా అన్నారంటే, వాళ్లు మన ఇళ్లలో పెళ్లి చదివింపుల పుస్తకం చూడలేదన్నమాట. ముప్పై ఏళ్ల నాటి పెళ్లిలో ఏ పెదనాన్న నూటపదహార్లు చదివించాడో, ఏ మేనమామ స్టీలు బిందెతో సరిపెట్టాడో ఇంటిపేరు, ఊరిపేరుతో సహా అందులో భద్రంగా ఉంటుంది. వాళ్లింటి నుంచి శుభలేఖ రాగానే బీరువాలోంచి ఆ పుస్తకం దిగుతుంది. అదే మనం పది లక్షలు పోసి కారు కొంటాం. దాని లెక్క మాత్రం ఎక్కడా ఉండదు.

కారు ఇంటికి తెచ్చిన ముహూర్తం నిమిషాలతో సహా గుర్తే. ఏ గుడి ముందు పూజ చేయించామో, ఏ చక్రం కింద నిమ్మకాయ సరిగ్గా నలగలేదో అత్తగారు ఇప్పటికీ చెబుతారు. బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్పించారని అడగండి. "బ్రేకులు బాగానే పడుతున్నాయి కదా!" అంటారు. ఆ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. అందుకే చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి. అది మరిగేది మన వీధిలో కాదు, కారు నిండా జనంతో తిరుమల ఘాట్ దిగేటప్పుడు. అక్కడ గోవింద నామాలు ఎలాగూ చెబుతాం గనక, బ్రేకుల భారమూ ఆయన మీదే వేసేస్తాం.

డాష్‌బోర్డు తెరిచి చూడండి. అడుగున ప్లాస్టిక్ కవర్లో సర్వీస్ బుక్ ఉంటుంది. ఫ్రీ సర్వీసులు మూడింటికీ ముద్రలు నిండుగా పడ్డాయి. చేతి డబ్బు పెట్టాల్సిన నాలుగో పేజీ నుంచి అంతా స్వచ్ఛమైన తెలుపు. దాని మీద ఫాస్టాగ్ రాకముందటి టోల్ చీటీలు, కుంకుమ పొట్లం, తేదీ వేయని బ్యాటరీ వారంటీ కార్డు. ఓ రిపేరు బిల్లు కూడా ఉంది గానీ థర్మల్ కాగితం కదా, అక్షరాలు వెలిసిపోయాయి. మెకానిక్ బొటనవేలి గ్రీజు మరక ఒక్కటే చెక్కు చెదరలేదు. ఇక టైరు పక్కన 2319 అని నాలుగంకెలు ఉంటాయి. 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. టైరు తన పుట్టిన తేదీని ఒంటి మీదే రాసుకుని తిరుగుతుంది. ఓనరు మాత్రం ఏటా గాలి కొట్టించి దానికి దీర్ఘాయుష్షు కోరుతుంటాడు.

మన రికార్డు రూము మెకానిక్ బుర్ర.

"క్లచ్ ప్లేట్లు ఎప్పుడు మార్పించిండ్రు సార్?"

"నువ్వే కదయ్యా మార్చింది!"

"నేను గాదు సార్, అప్పట్ల పనిచేసిన పిలగాడు. వాడు దుబాయ్ పోయిండు."

ఆ విధంగా మన కారు చరిత్ర గల్ఫ్‌లో స్థిరపడింది. ఇక్కడ మనకు మిగిలింది కొత్త క్లచ్ ప్లేట్ల ఖర్చు. పాతవాటికి వారంటీ మిగిలి ఉందేమో! బిల్లుంటే కదా అడగడానికి.

అలాగని మనం అన్నింటికీ నిర్లక్ష్యం కాదు. ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ డిజీలాకర్‌లో పదిలంగా ఉంటాయి. లేకపోతే చలానా మరి. కూలెంట్ మార్చలేదని చలానా రాసే నాథుడు లేడు. ఆ పని ఇంజనే చేస్తుంది, కర్నూలు హైవే మీద, మిట్టమధ్యాహ్నం.

కారు లెక్క రాయకపోవడాన్ని బద్ధకం అనుకునేరు, ఇది ముందుచూపు. తేదీ, కిలోమీటర్లు, చేసిన పని, అయిన ఖర్చు... నాలుగు గళ్ల నోటుబుక్కు చాలు. చిక్కంతా ఆ నాలుగో గడితోనే. అది ఏదో ఒకనాడు కూడికకు వస్తుంది. కూడిక తేలిందంటే ఇంట్లో తెలుస్తుంది. చదివింపుల పుస్తకంలో బాకీదారు అవతలివాడు. ఈ పుస్తకంలో మనమే. ఎవడు రాస్తాడు చెప్పండి!

అయితే రాయక తప్పని రోజొకటి వస్తుంది, కారు అమ్మకానికి పెట్టిన రోజు. "సింగిల్ ఓనర్. డాక్టరు గారు వాడిన బండి. ఫుల్ షోరూమ్ ట్రాక్. రూపాయి పని లేదు." ఏడేళ్లుగా లేని చరిత్ర ఒక్క సాయంత్రంలో పుట్టుకొస్తుంది. సర్వీస్ బుక్‌లో ఖాళీ పేజీలన్నీ ఒక్క ఊపున నిండిపోతాయి. మీటరులో కిలోమీటర్లు కూడా యజమాని మనసెరిగి కాస్త వెనక్కి తగ్గుతాయి. కొనడానికొచ్చినవాడు బిల్లులేవని అడిగితే, "మనుషుల మీద నమ్మకం ఉండాలండీ" అని నొచ్చుకుంటాం.

ఆ డబ్బు జేబులో వేసుకుని, మర్నాడే ఇంకో సెకండ్ హ్యాండ్ కారు చూడటానికి బయల్దేరతాం. బానెట్ ఎత్తకముందే సర్వీస్ బుక్ అడుగుతాం. పేజీ పేజీ తిప్పి, ముద్రలు వెలుతురుకు పెట్టి చూసి, కళ్లద్దాలు పైకి జరిపి అమ్మేవాణ్ణి నిలదీస్తాం:

"ఏంటండీ, ఏడేళ్ల సర్వీసులూ ఒకే పెన్నుతో రాశారు?"