కామాఠీపుర రేడియో స్వీయచరిత్ర

నేను థానేలోని మర్ఫీ కర్మాగారమున జన్మించిన వాల్వు రేడియోను. నా నామధేయ మాంగ్లేయము, జన్మభూమి మహారాష్ట్రము, యౌవనమంతయు గడచినది తెలుగువారి యింట. ఇప్పుడు బొంబాయి మటన్ వీధి చోర్ బజారులో నన్ను బేరమునకు పెట్టిన వర్తకుడు, పాతవస్తువునకు పరదేశపు ముద్ర యున్నచో ధర పెరుగునని యెఱిగినవాడు గనుక, వచ్చిన ప్రతివానితోను 'విలాయతీ మాల్' అని చెప్పుచున్నాడు. పరదేశి యనిపించుకొని విలువ పెంచుకొనుట మావంటి వస్తువులకే చెల్లినది కాబోలు.

నన్ను కొన్నవాడు కరీంనగరము ప్రాంతపు పద్మశాలి, పరేలులోని బట్టలమిల్లున సాంచె నడుపువాడు, కాపురము కామాఠీపురమున. కామాఠీపురమనగానే లోకమునకు ఒక్క వృత్తియే స్ఫురించును. ఆ యభాగినుల కథ చెప్పుటకు నాకంటె వారే యర్హులు. నేనెఱిగిన కామాఠీపురము వేఱు. పదునెనిమిదవ శతాబ్ది చివర, హార్న్‌బీ వెల్లార్డు కట్టతో సముద్రపు పోటు నిలిచిన పిమ్మట, బయటపడిన పల్లపు నేలలో నిజాము రాజ్యమునుండి వచ్చిన కామాఠీలు మన్ను మోసి, రాళ్ళు పేర్చి, బొంబాయికి గోడలు కట్టి, తాము మాత్రము అంకెలే పేర్లుగా గల యిరుకు గల్లీలలో కాపురము పెట్టిరి. వారి వెనుక సాలెవారు వచ్చిరి. మా ఖోలి (గది) యెదుటి వరండాలో ఈ చివరనుండి ఆ చివరకు నా జాలీ ఏరియల్ కట్టియుండెను. దానిపై చీరెలు ఆరవేయరాదని ప్రతిదినము తగవే.

నాకు లైసెన్సు పుస్తకముండెను. యజమాని ఏటేట దానిని పోస్టాఫీసునకు గొనిపోయి, రుసుము కట్టి, ముద్ర వేయించి, నా వెనుకటి అట్ట సందున దోపియుంచెడివాడు. ఆ యింట రాజముద్రగల పత్రము నాకొక్కదానికే యుండెను. యజమాని పుట్టిన తేదీయన్నచో 'గోదారి పొంగిన యేడు' అని వాళ్ళ అవ్వ చెప్పిన మాటయే.

ఆకాశవాణి 1952లో సినిమా పాటలను దూరము పెట్టినది మొదలు దేశమంతయు సిలోను ద్వీపములోని కొలంబో రేడియో వైపు చెవి యొగ్గినది గదా! బుధవారము రాత్రి సినిమాపాటల కార్యక్రమమున వ్యాఖ్యాత అమీన్ సయానీ గొంతు వినవచ్చు వేళకు, మిల్లు పాళీ (షిఫ్టు) దిగివచ్చినవారందఱును మా గడప యొద్ద గుమిగూడెడివారు. ఆ కార్యక్రమము బొంబాయిలోనే తయారై, కొలంబో వెళ్ళి, సముద్రము దాటి మరల మా గల్లీకే వచ్చెడిది. ఆ రాకపోకలలో పాటను కాగితము చూపుమన్నవారు లేరు.

చూపుమనిపించుకొన్నవారు ఆ ద్వీపముననే యుండిరి. తెల్లదొరలు కాఫీతోటలకు, పిదప తేయాకుతోటలకు కొనిపోయిన తమిళ కూలీల సంతతివారిని, తండ్రియో, కానిచో తాతయు ముత్తాతయునో అచ్చటనే పుట్టినట్లు నిరూపింపుమని 1948 నాటి పౌరసత్వ శాసనము నిలదీసెను. కూలిలైనులలో జననములు వ్రాసి యుంచిన వారెవ్వరు? ఇంచుమించు ఏడు లక్షలమంది ఏ దేశమునకును చెందనివారైరి. అచటి కండిరాజ్యమును 1815 వరకు ఏలిన కడపటి రాజులే తెలుగు మూలముగల నాయకవంశీయులన్న సంగతి యెవ్వరికి జ్ఞప్తియున్నది? 1956లో సింహళము ఏకైక రాజభాషయైనది. 1958 మే నెలలో తమిళుల యిండ్లు తగులబడినవి. ఆ వార్త మాకు నా నోట రాలేదు. హట్టన్ తోటలలో చిన్నమ్మ గల ధారావి ఇడ్లీలవాడు, తట్ట దించి, మా గుమ్మములో కూర్చుండి చెప్పెను. 1964లో ఇరుదేశముల ప్రధానులు శాస్త్రి, సిరిమావో సంతకములు చేసి ఇండియాకు 5,25,000, సిలోనుకు 3,00,000 అని మనుష్యులను పంచుకొన్నప్పుడు చిన్నమ్మ ఇండియా వాటాకు వచ్చినదట.

ఇంతలో కాగితముల కాలము బొంబాయికిని వచ్చెను. 'మార్మిక్' పత్రిక దక్షిణాది ఉద్యోగుల పేర్లు జాబితాలుగా ప్రకటించెను. 1966 జూన్‌లో శివసేన పుట్టెను. లుంగీవారిని తఱుముడను కేక వీథులకెక్కెను. ఆగ్రహము ముఖ్యముగా గుమాస్తాలపైనను ఉడిపి హోటళ్ళపైనను. మరాఠీ మాటలాడు మా సాలెవారికి, 'మద్రాసీ' యను పేరు తమకు తగులునో తగులదో యెన్నడును తేలలేదు. 1969 ఫిబ్రవరిలో బెళగాము సరిహద్దు తగవుపై నగరము మండి యాభైమందికి పైగా మడిసిన దినములలో యజమాని లుంగీ విడిచి పైజామా తొడిగెను. సరిగా ఆ నెలలలోనే తెలంగాణములో ముల్కీ కొలువులకై ఉద్యమము సాగుచుండెను. ఊరినుండి వచ్చిన మేనమామ ఉత్సాహముతో, "ఆడ మన పోరగాండ్లు మన నౌకరీలు మనకేనని కొట్లాడుతున్నరురా, న్యాయమే గద!" అనగా, యజమాని నా గొంతు తగ్గించి, "ఈడ గీళ్ళు గూడ గదే అంటున్నరే మామా" అనెను. మామ బదులు చెప్పలేదు. ఉద్యమము న్యాయమైనదనియే నా తలంపు, కాని ఆ మౌనమునకును న్యాయము గలదు.

1983 జూలైలో యాళ్పాణము (జాఫ్నా) చెంత పదముగ్గురు సైనికులు హతులుకాగా, కొలంబోలో మూకలు ఓటర్ల జాబితాలు చేతబట్టి తమిళుల యిండ్లు వెదకి కాల్చినవి. వెలిక్కడ చెఱసాలలో రెండు విడతలుగా 53 మంది ఖైదీలు చంపబడిరి. మృతులు కొన్ని వందలే యని ప్రభుత్వము, మూడువేల వరకు అని యితరులు. విదేశాంగమంత్రి పి.వి. నరసింహారావును ఇందిరాగాంధీ కొలంబోకు పంపినట్లు నేను చదివిన రాత్రి, మిల్లు సమ్మెతో ఏడాదిన్నరగా పనిలేని యజమాని ముఖము వికసించెను.

"మనోడే పోయిండు, మా జిల్లాయన!"

"పోయి, మా చిన్నమ్మను ఏ దేశమోళ్ళ లెక్కల అడుగుతడన్నా?" అని ఇడ్లీలవాడు.

మరుసటి యేడు రామేశ్వరము–తలైమన్నారు ఓడ నిలిచిపోయెను. భారత పాస్‌పోర్టు చేతనుండియు తోటలలోనే చిక్కినవారు వేలసంఖ్య. చిన్నమ్మ వారిలో నొకతె. ఆ పాస్‌పోర్టు నేమి చేయుదునని ఆమె వ్రాయించిన ఉత్తరమునకు మా ఖోలిలోనే జవాబు వ్రాసిరి: పారవేయకుము, ఇంకొకరు వచ్చి అడుగుదురు. 2003లో శ్రీలంక అట్టివారికి పౌరసత్వము నిచ్చుటకు ఒప్పుకొనెనని ఈ అంగడిలోని చిన్న ట్రాన్సిస్టరు చెప్పగా వింటిని. 1964 అక్టోబరు 30 నాటినుండి అచ్చటనే యున్నవారికిని, వారి సంతతికిని అట. చేత భారత పాస్‌పోర్టు గలవారు మాత్రము వేఱొక కాగితముపై సంతకము చేసి యీయవలెను.