టీమ్ పోస్టింగ్ మీద వెళ్ళింది

మా తోడల్లుడి పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆయనకు సంతోషం, నాకు ప్రమాదం. యాప్రాల్‌లో మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య రెండు గల్లీలు, ఒక కిరాణా కొట్టు. మా ఆవిడకు బావగారు, నాకు అన్నయ్యగారు. ఆర్మీలో సుబేదారుగా రిటైరై, గిద్దలూరు దగ్గరి సొంతూరికి పోకుండా ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. యాప్రాల్‌లో ఆయనలాంటి మాజీ ఫౌజీలకు కొదవ లేదు. కొందరికి గులాబీ మొక్కలు, కొందరికి కాలనీ సంఘం ఎన్నికలు, కొందరికి మోకాళ్ళ నొప్పులు. మా అన్నయ్యగారికి స్టేడియంలు.

కొత్త ఊళ్ళో దిగగానే కొందరు గుడి ఎక్కడని అడుగుతారు, కొందరు మంచి టిఫిన్ ఎక్కడని అడుగుతారు. ఈయన స్టేడియం గేటు ఎటని అడుగుతారు. మా చిన్న మామగారి కూతురి పెళ్ళి బెజవాడలో జరిగింది. ముహూర్తం వేళకు అడ్డుతెర ఒక కొస పట్టుకోవాల్సిన పెద్దల్లుడు కనపడలేదు. ఫోన్ చేస్తే బందరు రోడ్డులో ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియంలో తేలారు. "గ్యాలరీ మెట్లు లెక్కపెడుతున్నా తమ్ముడూ, పదిహేను నిమిషాల్లో రిపోర్ట్ చేస్తా" అన్నారు. పంతులుగారు పదిహేను నిమిషాలు ఆగుతారా? తెర రెండు కొసలూ నేనే పట్టుకున్నాను. ఆ పెళ్ళి వీడియోలో వధూవరుల మధ్య చేతులు బార్లా చాపి, చేలో దిష్టిబొమ్మలా నిలబడ్డవాణ్ణి నేనే. ఆయన జీలకర్ర బెల్లం అయ్యాక వచ్చి, అక్షింతలు రెండు గింజలు వేసి, బఫేలో మాత్రం అందరికంటే ముందున్నారు.

స్టేడియం చూడటమంటే ఆయనకు గేటు ముందు సెల్ఫీ దిగి రావడం కాదు, తనిఖీ. ముందు ప్రహరీ చుట్టూ ఒక చుట్టు. తర్వాత లోపలికెళ్ళి, చెప్పులు విడిచి, వంగి గడ్డిని మూడు వేళ్ళతో నొక్కి చూస్తారు. మా వదినగారు ఇడ్లీ ఉడికిందో లేదో చూసే పద్ధతి సరిగ్గా అదే. నొక్కిన వేలు వాసన చూసుకుంటారు. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. ఆఖరున టాయిలెట్లు. "టాయిలెట్లు చూస్తే ఆ ఊరికి ఆటంటే ఎంత గౌరవమో తెలిసిపోతుంది తమ్ముడూ." ఈ తనిఖీ అయ్యాక ఆ స్టేడియం చరిత్ర మొదలవుతుంది. ఎల్బీ స్టేడియం పక్కనుంచి కారు పోనిస్తే చాలు, 1687లో ఔరంగజేబు సైన్యం గుడారాలు వేసిన దగ్గర అందుకుని, ఫతే మైదాన్ అన్న పేరెలా వచ్చిందో చెప్పి, 1967లో లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టడం మీదుగా ఆబిడ్స్ దాటేలోపు ముఖ్యమంత్రుల ప్రమాణ స్వీకారాల దాకా వస్తారు. "బంతి కోసం కట్టిన చోట బారికేడ్లు!" అని నిట్టూరుస్తారు. ఆ నిట్టూర్పులో నాకూ వాటా ఉందన్నట్టు నా వైపు చూస్తారు.

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ జట్టు పుట్టింది. ఆ కబురు విన్నరోజు ఆయన మొహం చూడాలి. లేకలేక ఇంట్లో మనవడు పుట్టినట్టుంది. గచ్చిబౌలి బాలయోగి స్టేడియం సొంత మైదానం అన్నారు. యాప్రాల్ నుంచి గచ్చిబౌలికి ముప్ఫై కిలోమీటర్ల పైమాటే. బోయినపల్లి, బాలానగర్, కూకట్‌పల్లి, హైటెక్ సిటీ. ఒక్కో సిగ్నల్ దగ్గర ఒక్కో సంతానాన్ని పెంచి పెద్ద చేయొచ్చు. మ్యాచ్ సాయంత్రం ఏడున్నరకు అయితే ఆయన లెక్క ప్రకారం మూడింటికి మా వీధి మొగలో ఫాలిన్. రెండూ యాభైఐదుకే హారన్. వెనక సీట్లో వదినగారు కట్టిచ్చిన పులిహోర స్టీలు డబ్బా. తిండి లోపలికి పోనివ్వరని మొదటిసారే తెలిసింది. అయినా ప్రతిసారీ తెచ్చేవారు, ప్రతిసారీ గేటు బయట నిలబడి, సెక్యూరిటీ కుర్రాడికీ ఇంత పెట్టి, మెటల్ డిటెక్టర్ పక్కనే తినేవాళ్ళం. పులిహోరలో పల్లీలు ఏరుకుని తింటూ ఆయన టీమ్ కూర్పు వివరించేవారు. ఆ కుర్రాడు విని తల ఊపేవాడు. పులిహోర తిన్నాక ఊపకపోతే ఎట్లా?

2019 నవంబరు 2న సొంత మైదానంలో మొదటి మ్యాచ్. ఎదుట కేరళ బ్లాస్టర్స్. మన రంగు పసుపు, వాళ్ళ రంగూ పసుపు. లోపలికెళ్ళి చూస్తే మా స్టాండ్ నిండా పసుపే. అన్నయ్యగారి కళ్ళు చెమర్చాయి. "చూశావా తమ్ముడూ, హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ చచ్చిపోయిందన్నారు. ఎంతమందో చూడు!" అని పక్కనున్న వాళ్ళందరికీ షేక్‌హ్యాండ్ ఇచ్చారు. వాళ్ళూ ఆప్యాయంగానే ఇచ్చారు. ముప్పావు గంట కాకముందే కేరళ గోల్ కొట్టింది. మా స్టాండ్ మొత్తం లేచి గంతులేసింది. మలయాళం డప్పుల మధ్య మేమిద్దరమే కూర్చుని ఉన్నాం. అన్నయ్యగారు కాసేపు అటూ ఇటూ చూసి, "సరే, శత్రు శిబిరంలో ఉన్నాం. కదలొద్దు" అన్నారు. తర్వాత మనకొక పెనాల్టీ, చివర్లో మార్సెలీనో ఫ్రీకిక్. 2-1. ఆయన లేచి తిరిగి అందరికీ షేక్‌హ్యాండ్ ఇచ్చారు. ఈసారి అంత ఆప్యాయత లేదు.

ఆయన కేకలు మరీ విచిత్రం. మైదానంలో ఉన్నది స్పెయిన్‌వాడైనా బ్రెజిల్‌వాడైనా పిలుపు అచ్చ తెలుగే. "ఒరేయ్ నాన్నా, కుడివైపు చూడరా! ఖాళీగా ఉన్నాడు కదరా!" నైజీరియా ఆటగాడు ఒగ్బెచే ఒక్కడికే మినహాయింపు. ఆయన్ని ఒగ్బెచేగారు అనేవారు. "ముప్ఫై ఏడేళ్ళ వయసులో ఒకే సీజన్‌లో 18 గోల్స్ కొట్టిన మనిషిని ఏకవచనంతో పిలుస్తామా?"

ఆ 18 గోల్స్ సీజనే మనకు కప్పు తెచ్చింది. 2022 మార్చి 20, గోవాలో ఫైనల్. మళ్ళీ కేరళే. మేము ఆయన ఇంట్లో టీవీ ముందు. ఒక గోల్ వెనకబడ్డాం. 88వ నిమిషంలో సాహిల్ తవోరా కొట్టిన దెబ్బకు 1-1. పెనాల్టీలు మొదలవగానే అన్నయ్యగారు లేచి సావధాన్‌లో నిలబడ్డారు. గోల్‌కీపర్ కట్టిమణి ఒక్కో బంతి ఆపుతుంటే ఆయన దవడ కండరం తప్ప ఇంకేదీ కదల్లేదు. గెలిచాక మాత్రం దీపావళికి మిగిలిన టపాకాయలు వీధిలోకి తెచ్చి అంటించారు. ఎదురింటాయన లుంగీ సర్దుకుంటూ బయటికొచ్చి, "ఐపీఎల్ మొదలైందా? ఇంకా ఆరు రోజులుంది కదా!" అన్నాడు. వాళ్ళిద్దరికీ అప్పటినుంచి మాటల్లేవు.

తర్వాతి కథ పొడిగించను. డబ్బుల చిక్కులొచ్చాయి, ఆటగాళ్ళు వెళ్ళిపోయారు. 2023-24లో 22 మ్యాచులకు ఒక్క గెలుపు. ఖాళీ కుర్చీల్లో ఆయన గొంతు ప్రతిధ్వనించేది. ఎదురు స్టాండ్ నుంచి "ఒరేయ్ నాన్నా" అని ఆయనకే తిరిగి వినపడేది. చివరికి 2025లో టీమ్ ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఆ రోజు పరామర్శకు వెళ్ళాను. ఆయన వరండాలో మొక్కలకు నీళ్ళు పోస్తున్నారు. ఏమనాలో తెలియక నేనూ ఒక మగ్గు అందుకున్నాను. "ఏముంది తమ్ముడూ, పోస్టింగ్ మీద వెళ్ళింది. రెండు మూడేళ్ళలో తిరిగొస్తుంది" అన్నారు. బదిలీలతో సగం జీవితం గడిపిన మనిషితో నేను వాదించలేదు. ఆదివారాలు అజీజ్‌నగర్‌లో శ్రీనిధి దక్కన్ జట్టు మైదానానికి పోదామంటున్నారిప్పుడు. "పెద్దాడు దూరమైతే చిన్నాడు లేడా?"

పాత కక్ష ఇంకొకటుంది. 2024 డిసెంబరు 31 రాత్రి. లోకమంతా కేకులు కోసుకుంటుంటే నన్ను గచ్చిబౌలిలో సంతోష్ ట్రోఫీ ఫైనల్‌కు లాక్కెళ్ళారు. పశ్చిమ బెంగాల్, కేరళ. మనవాళ్ళెవరూ లేరు కదా అంటే, "బలరాం ఆడిన బెంగాల్ మనది కాదా?" అన్నారు. ఆట తొంభై నిమిషాలూ సున్నాలే. అప్పుడు ఇంజురీ టైమ్‌లో రబీ హన్సదా గోల్. సరే, బాగుంది. తిరుగు దారిలో డ్రంకెన్ డ్రైవ్ తనిఖీ. ఆ రాత్రి ఊరంతట్లో గొట్టంలో పులిహోర వాసన ఊదినవాళ్ళం మేమిద్దరమే అయ్యుంటాం. ఇంటికొచ్చేసరికి మా ఆవిడ కేకులో నా ముక్క ఫ్రిజ్‌లో పెట్టి నిద్రపోయింది. ముక్క మీద కొత్త సంవత్సరం అంకె సగమే ఉంది.

బలరాం సంగతి చెప్పకపోతే అన్నయ్యగారు ఈ రాతను ఒప్పుకోరు. తులసీదాస్ బలరాం మా పక్కనున్న అమ్ముగూడలో పుట్టాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనం నాలుగో స్థానంలో నిలిచినప్పుడు జట్టులో ఉన్నాడు. 1960లో రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారం తెచ్చిన జట్టులోనూ ఉన్నాడు. వాళ్ళ కోచ్ రహీం సాబ్ మన హైదరాబాదీనే. ఆయన నడిపిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు ఎత్తుకొచ్చింది. ఇవన్నీ అన్నయ్యగారు గ్యాస్ సిలిండర్ తెచ్చిన అబ్బాయికి కూడా చెప్తారు, సిలిండర్ భుజం మీద ఉండగానే. 'మైదాన్' సినిమాకు పోయినప్పుడు తెర మీద బలరాం కనపడగానే లేచి "మా అమ్ముగూడ!" అని అరిచారు. టార్చి పట్టుకుని మనిషొచ్చాడు. నేను ఆయన్ని ఎరగనట్టు స్క్రీన్ వైపే చూస్తూ కూర్చున్నాను.

అమ్ముగూడ స్టేషన్‌లో రైలెక్కి ఏళ్ళ తరబడి ఆఫీసుకు వెళ్ళొచ్చినవాణ్ణి. అన్నయ్యగారు చెప్పేదాకా బలరాం పేరు వినలేదు. 2023 ఫిబ్రవరి 16న బలరాం బెంగాల్‌లో కన్నుమూశాడు. మర్నాడు అన్నయ్యగారు పొద్దున్నే వచ్చి, నన్ను ఆ స్టేషన్ దాకా నడిపించుకెళ్ళి, ఏమీ మాట్లాడకుండా ప్లాట్‌ఫారం చివర కాసేపు నిలబడి, తిరిగి నడిపించుకొచ్చారు. దారిలో పాల ప్యాకెట్లు కొన్నారు. చిల్లర నన్నే ఇమ్మన్నారు.

పోయిన నెల గుంటూరులో మా బంధువుల ఎంగేజ్‌మెంట్. ఉంగరాలు మార్చుకోవడానికి ఇంకా టైముందని చెప్పి బయటపడ్డాను. ఎటు పోతున్నానో ఆటోవాడికి చెప్పేదాకా నాకే తెలియదు. బ్రహ్మానందరెడ్డి స్టేడియం. ప్రహరీ వెంట ఒక చుట్టు నడిచాను. చెప్పులు విడిచాను. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని నమ్మకం కుదిరాక, వంగి మూడు వేళ్ళతో నేల నొక్కాను. ఒక పిల్లాడు సైకిలాపి "అంకుల్, ఏమన్నా పోయిందా?" అన్నాడు. ఏం లేదన్నాను. వాడు పోయాక వేళ్ళు వాసన చూసుకున్నాను.

ఆపుకోలేక అన్నయ్యగారికి ఫోన్ చేసి చెప్పాను. అటు నుంచి కాసేపు మాట లేదు. సంతోషంతో గొంతు పూడుకుపోయిందేమో అనుకున్నాను.

"టాయిలెట్లు చూశావా?" అన్నారు.

అప్పటికే మా ఆవిడ నుంచి నాలుగు మిస్డ్ కాల్స్. చెప్పులు చేతపట్టుకుని వెనక్కి తిరిగాను, టాయిలెట్ల వైపు.